సల్లకు పోయే ఇండ్లు

అది కార్తీక మాసం, బుధవారం, పొద్దున తొమ్మిదిన్నర. మా తమ్ముడు జనగామ నుంచి జీపు మాట్లాడుకొని వచ్చి మా పెద్దక్క ఇంటి ముందర ఆపించాడు. గంట ఎట్లా తెలుసంటే, వాడి చేతికి గడియారం ఉంది. దిగుతూనే దాన్ని చూసుకొని, "పదిన్నరకల్ల ఎల్లాలె, పెద్దక్కను తయారు చెయ్యుండ్రి" అన్నాడు. పెద్దక్క మంచం మీద పడుకొని ఉంది. తయారు కాలేదు, అయ్యే ఉద్దేశం కూడా లేదు.

"నేను రాను తమ్మీ" అన్నది. "నా ఇంట్ల నన్ను పండనియ్యి."

ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. మా పుట్టిన ఊరు కేసముద్రానికి, మానుకోటకు నడుమ ఉంటుంది. పెద్దక్కను ఆ ఊళ్లోనే ఇచ్చారు. నన్ను భూపాలపల్లి అవతలి అడవి పల్లెకు ఇచ్చారు. తమ్ముడు జనగామలో పత్తి మిల్లులో కాంటా దగ్గర కుదిరాడు. అక్కకు పిల్లలు లేరు. బావ ఎప్పుడో పోయాడు. ఉన్నదల్లా గూనపెంకల ఇల్లు, పాలికిచ్చిన కొంచెం పొలం, ఒక ముసలి బర్రె. ఆ ఇంటి గోడలకు ప్రతి ఏడూ ఆమే మన్ను పూసేది, ఆమే సున్నం కొట్టేది. కూలి మనిషిని పెట్టుకుందామంటే, వాళ్లు మూలలకు పుయ్యరని వద్దనేది.

ఆమె రొమ్ములో రాచపుండు పుట్టింది. తమ్ముడే హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడివాళ్లు చూసి, ఇది చేయి దాటింది, ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకోండి అన్నారు. మంచిగా చూసుకోవడమంటే ఏమిటో చెప్పలేదు. నాకు కబురొచ్చింది. నేను భర్త పోయినదాన్ని, కొడుకులు చేతికందినవాళ్లు. రెండు చీరలు మూట కట్టుకొని వచ్చేశాను.

వచ్చిన రోజే అక్క నాతో ఒక్క మాట తీసుకున్నది.

"చెల్లె, నన్ను ఈ ఇల్లు దాటనియ్యకు. తమ్మునికి మనసు మంచిదే గని, వానింట్ల నేను ఏడ పండాలె? వాళ్లు నలుగురు, అర్రలు రెండు. రైలు పోయినప్పుడల్ల మంచం ఊగుతది. నేను ఈడనే పోత."

సరే అన్నాను. అనడం సులువు. ఎత్తి కూర్చోబెట్టడం, పక్క మార్చడం, పుండు కడగడం, గుడ్డలు ఉడకబెట్టడం, నోట్లో నీళ్లు పోయడం, ఇదంతా ఒక్క మనిషి చేసే పని కాదు. నెల తిరగకముందే నా నడుము పట్టేసింది. నేనే గోడ పట్టుకొని లేస్తున్నాను, ఆమెను ఏం లేపుతాను?

మనుషులు రాలేదా అంటే, వచ్చారు. బాగా వచ్చారు. మా దిక్కు రోగిని చూసిపోకపోతే తప్పు. ఊరంతా చూసిపోయింది, పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. బిస్కెట్ పొట్లం మంచం మీద పెట్టేవారు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని గడప దగ్గరే కూర్చునేవారు. కురవి నుంచి వచ్చిన ఒక వరసకు మేనకోడలు, "మా ఆడబిడ్డకు గూడ గిట్లనే అయిందత్తా, మస్తు తండ్లాడి పోయింది. నువ్వు ధైర్నంగుండు" అని చెప్పి కళ్లు తుడుచుకొని పోయింది. వచ్చినవాళ్లకు చాయ్ పెట్టడం నా పని. పొయ్యి ఆరేది కాదు. వచ్చిపోయేవాళ్లు అంతమంది, ఒక గుడ్డ ఉతికే చేయి మాత్రం లేదు. నేను ఆ మాట మొహం మీదనే అన్నాను. ఇద్దరు ముగ్గురు మళ్లీ రాలేదు. చాయ్ పత్తి మిగిలింది.

బుధవారం బుధవారం పది గంటల బస్సుకు సర్కారు దవాఖాన నర్సమ్మ వచ్చేది. పిల్లలకు సూదులు వేసి, మా అక్క పుండుకు కట్టు మార్చి, మధ్యాహ్నం బస్సుకు పోయేది. ఆమెది కృష్ణా జిల్లా. అరవై తొమ్మిదిలో మా తమ్ముడు బడి మానేసి ఊరేగింపుల్లో తిరిగాడు, జనగామ గోడల మీద రాత్రికి రాత్రి సున్నంతో ఆంధ్రోళ్లు వెళ్లిపోవాలని రాశాడు, ఆ ఏడు చదువు కూడా పోగొట్టుకున్నాడు. వాడు మొదటిసారి ఈ నర్సమ్మను చూసి నా చెవిలో, కాని అందరికీ వినపడేటట్టే, "ఆంధ్రామెనా?" అన్నాడు.

"అవునండీ" అన్నది ఆమె, తల ఎత్తకుండానే. "వెళ్లిపొమ్మంటే వెళ్లిపోతాను. ఈ కట్టు కట్టేశాక."

తమ్ముడు బయటికి పోయి బీడీ ముట్టించాడు. నాకు ఆమె ఆనాడే నచ్చింది.

నా నడుము సంగతి చూసి నర్సమ్మే ఒక ఉపాయం చెప్పింది. ఎక్కడో తరగతుల్లో నేర్పారట. సుద్దముక్క తీసి, అక్క మంచం పక్కన అలికిన నేల మీద ఒక సున్న గీసింది. "ఇది మీరు" అన్నది అక్కతో. "పిలవకుండా మీ దగ్గరికి ఎవరెవరు వస్తారు? చూసి వెళ్లేవాళ్లు కాదు. వచ్చి చెయ్యి వేసేవాళ్లు."

అక్క ఆలోచించి చెప్పింది. పక్కింటి వదిన. ఎదురింటి చిన్నమ్మ. తండా నుంచి కట్టెలు తెచ్చి అమ్మే అక్క. చెల్లె ఉండనే ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో సున్న పెట్టి, అందరి నుంచి నడిమి సున్నకు గీతలు గీసింది.

ఆ సున్నల్లో పేర్లు రాస్తానని నేను సుద్దముక్క అడిగాను. అంతకు రెండు మూడేళ్ల ముందే రాత్రిబడిలో నాకు అక్షరాలు వచ్చాయి. వంకర టింకరగా రాస్తాను గాని రాస్తాను, ఎక్కడ పడితే అక్కడ రాయాలని చేతులు గుంజేవి.

"వద్దమ్మా, బొమ్మలు వేద్దాం. మిగతావాళ్లకు కూడా తెలియాలిగా" అన్నది నర్సమ్మ. పక్కింటి వదినకు బర్రె కొమ్ములు, ఎదురింటి చిన్నమ్మకు రోకలి, తండా అక్కకు కట్టెల మోపు. నాకు ఏం వెయ్యాలని అడిగితే అక్క మంచం మీద నుంచి, "దానికి కత్తెర ఎయ్యి. దాని నోరు గదే" అన్నది. అక్క నవ్వితే పుండు లాగుతుందని మేము నవ్వు ఆపుకుంటూ ఉంటే, ఆమే ముందు నవ్వింది.

అప్పుడు గడప దగ్గర అవ్వ ఉంది. అవ్వంటే మా వాడకట్టులో ఒంటరిగా ఉండే ముసలామె. తెల్లారిందంటే ఇల్లిల్లూ తిరుగుతుంది. ఈ ఇంటి మాట ఆ ఇంట్లో, ఆ ఇంటి మాట ఈ ఇంట్లో చెబుతుంది. ఊళ్లో ఆమెను తిట్టనివాళ్లు లేరు, ఆమె వస్తే పీట వేయనివాళ్లూ లేరు.

"నాకు సున్న పెట్టరా ఏంది?" అన్నది అవ్వ.

"నీకు పెడితే నా అక్క పుండు సంగతి మానుకోట దాక తెలుస్తది. నువ్వు గడప కాడ ఉండు చాలు" అన్నాను.

వంతులు వేసుకున్నాం. పొద్దున పక్కింటి వదిన. మధ్యాహ్నం నుంచి ఎదురింటి చిన్నమ్మ. పొద్దుగూకే వేళ తండా అక్క. రాత్రి నేను. పొద్దంతా నడుము వాల్చుకోవచ్చు, కేసముద్రం పోయి మందు తెచ్చుకోవచ్చు. పక్కింటి వదిన చేతులు మెత్తన. పుండు కడిగేటప్పుడు అక్కను మాటల్లో పెట్టి కడిగేది. చిన్నమ్మ గంజి ఒక్కొక్క చెంచా ఓపికగా పోసేది. అంతా బాగున్నదనుకున్నాను.

బాగుండలేదు. నేను సోమవారం మందుకు కేసముద్రం పోయాను. నేను వచ్చేసరికి అక్క కింద పడి ఉంది. నీళ్ల కోసం లేవబోయి మంచం పట్టె మీద నుంచి జారింది. ఎముక విరగలేదు, మోచేయి దోక్కుపోయింది. ఇంట్లో మరెవరూ లేరు. అవ్వ గడప దగ్గర నిలబడి అరుస్తూ ఉంది. ఆమె అరుపుకే నేను వీధి మొగదల నుంచి ఉరికి వచ్చాను.

ఎవరి వంతు? పొద్దున వంతు అయిపోయింది, మధ్యాహ్నం వంతు మొదలు కాలేదు. పక్కింటి వదిన, నేను కడిగి పండబెట్టి పోయిన అన్నది. ఎదురింటి చిన్నమ్మ, నేను వచ్చేదాన్నే అన్నది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ నా మొహం చూడలేదు.

ఆ మాట జనగామ దాకా ఎట్లా పోయిందో తర్వాత తెలిసింది. అవ్వ అరుపుకు పత్తి బండి తోలుకుపోయేవాడు ఆగాడు. వాడు కేసముద్రం మార్కెట్లో లారీవాడికి చెప్పాడు. లారీ పత్తి ఎత్తుకొని జనగామ మిల్లుకు పోయింది. మిల్లులో కాంటా దగ్గర మా తమ్ముడు. పోయేదారిలో మాట పెరిగింది. వాడికి చేరేసరికి, మీ అక్కను మంచం మీద నుంచి పడేసి అందరూ వరి కోతలకు పోయారు అన్నట్టు అయింది. అందుకే బుధవారం తెల్లారకముందే జీపు కట్టుకొని బయలుదేరాడు.

"మొన్న పడ్డవు" అన్నాడు తమ్ముడు, మంచం పక్కన నిలబడి. "రేపు పడితే ఎవలుంటరు? చిన్నక్క నడుము పట్టుకొని నడుస్తున్నది. లోకం నన్ను ఏమంటది? తమ్ముడుండి ఆడిబిడ్డను గాలికి ఇడిసిండంటరు."

"లోకం వచ్చి నా గుడ్డలు ఉతుకుతదా?" అన్నది అక్క.

"జనగామల దవాఖాన దగ్గరుంటది."

"దవాఖానోళ్లే ఇంటికి పొమ్మన్నరు గదరా."

వాడు కిందికి వంగి మంచం కోడు పట్టుకున్నాడు. జీపు డ్రైవరును కేకేశాడు. అక్క రెండు చేతులతో మంచం నులక పట్టుకున్నది. ఆ పట్టు చూసి నాకు నోరు లేచింది.

"తమ్మీ, కోడు ఇడువు. నర్సమ్మ బస్సు పదింటికి. ఆమె వచ్చేదాక ఆగు."

"ఆంధ్రామె వచ్చి ఏం జేస్తది? గీతలు గీస్తది. గీతలు గీసినంక మనిషి పడలేదా?"

అది నిజమే. నేను జవాబు చెప్పలేదు. నేను చెప్పలేని మాటలు తక్కువ, కాబట్టి వాడికి కొంచెం జాలి వేసి ఉంటుంది. కోడు వదిలి అరుగు మీద కూర్చున్నాడు.

జీపు వచ్చిందంటే ఊరు ఊరుకోదు. పక్కింటి వదిన మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఎదురింటి చిన్నమ్మ ఆమెను చూసి లోపలికి రాలేదు, పెరటి దిక్కు తిరిగి పోయి గోడ మీద నుంచి చూస్తున్నది. తండా అక్క కట్టెల మోపు దించి, మంచం దగ్గరికి వచ్చి అక్క చేయి పట్టుకున్నది. "బాయీ, పోతున్నవా?" అని అడిగింది. వాళ్ల భాషలో బాయి అంటే అక్కచెల్లెలు. అవ్వ సంగతి చెప్పనక్కరలేదు, జీపు కంటే ముందే వచ్చి ఉంది.

నర్సమ్మ బస్సు దిగి వచ్చి, జీపును చూసి, తమ్ముడిని చూసి, ముందు అక్క మోచేయి చూసింది. ఆ తర్వాత నన్ను అడిగింది, ఎట్లా పడింది అని. చెప్పాను. ఆమె నేల మీద పాత గీతలు చూస్తూ కూర్చున్నది. అలుకుడు మీద ఇంకా సగం సగం కనపడుతున్నాయి. నడిమి సున్న, చుట్టూ సున్నలు, అన్నిటి నుంచి నడిమికి గీతలు. నాకు ఆ క్షణంలో అది బండి చక్రం లాగా కనపడింది. నడిమి నుంచి అంచుకు పోయే ఆకులున్నాయి, చుట్టూ బిగించే ఇనుప పట్టా లేదు. పట్టా లేని చక్రం ఎంత దూరం పోతుంది?

"వీళ్లందరూ పెద్దమ్మ దగ్గరికి వస్తారు. సరే" అన్నది నర్సమ్మ. "మరి వీళ్లలో వీళ్లు ఒకరింటికి ఒకరు వెళ్తారా?"

"పోతం" అన్నది పక్కింటి వదిన.

"అందరం పోతం" అన్నారు మిగిలినవాళ్లు.

మంచం మీద నుంచి అక్క గొంతు వచ్చింది. "గట్ల అడిగితే గట్లనే చెప్తరు నర్సమ్మ. సల్లకు ఎవలింటికి పోతవని అడుగు."

మా దిక్కు చల్ల, అంటే మజ్జిగ, అమ్ముకోరు. చిలికిన ఇంటికి ముంత పట్టుకొని పోతే పోసి పంపుతారు. కాని మాటలు లేని ఇంటికి ఎవరూ పోరు. ఎదురిల్లే అయినా సరే, ఆ గడప వదిలిపెట్టి వీధి దాటి, ఎండలో నడిచి, ఇంకో ఇంటికి పోతారు. మాటలు బంద్ అయిన సంగతి ఎవరూ నోటితో చెప్పరు. ముంత ఏ దిక్కు పోతుందో చూస్తే తెలుస్తుంది. నేను పెళ్లయి అడవి దిక్కు పోయినదాన్ని, నాకు ఆ వాడకట్టు ముంతల సంగతి తెలియదు. నర్సమ్మ పై మనిషి, ఆమెకసలే తెలియదు.

నర్సమ్మ అడిగింది. నేను సుద్దముక్కతో ఇంటి నుంచి ఇంటికి గీస్తూ పోయాను. తండా అక్క పక్కింటి వదిన దగ్గర పోయించుకుంటుంది. మా ఇంటికి కూడా వదిన దగ్గరి నుంచే వస్తుంది, మా బర్రె ఎప్పుడో ఒట్టిపోయింది. ఎదురింటి చిన్నమ్మ ఎక్కడికి పోతుందని అడిగితే గోడ అవతల నుంచి జవాబు రాలేదు.

"కుమ్మరి వాడకు పోతది" అన్నది అవ్వ. "గింత దగ్గర పెట్టుకొని గంత దూరం."

నా చేయి ఆగింది. వదిన సున్నకు, చిన్నమ్మ సున్నకు నడుమ గీత లేదు. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడటం లేదు. నేను మాట్లాడాను.

"మీ ఇద్దరికి మాటల్లేవు. ఒకరుంటే ఒకరు రారు. వదినె ముందే ఎల్లిపోయింది, చిన్నమ్మ ఆగి ఆగి వద్దామనుకున్నది. నడుమ మా అక్క పడ్డది. అంతేనా?"

పక్కింటి వదిన తల వంచుకోలేదు. "పొలం గెట్టు తేలేదాక నేను ఆ మనిషితోని మాట్లాడ. ఇప్పుడు చెప్తున్న, ఎప్పుడైనా చెప్త. పని జెయ్యుమంటే జేస్త."

గోడ అవతల నుంచి, "గెట్టు జరిపింది ఎవలో ఊరికి ఎరికే" అన్న మాట వినపడింది. ఎవరితో అన్నదో గాని, అన్నది.

తమ్ముడు అరుగు మీద నుంచి, "సూసినవా? గీళ్ల చేతిల పెడుతవా పెద్దక్కను?" అన్నాడు.

నేను అక్కను అడిగాను. "నీకు ముందే ఎరికేనా?"

"ఎందుకెరిక లేదు."

"చెప్తే ఏం పోయె?"

"మీరు అడిగిండ్రా? నా దగ్గరికి ఎవలొస్తరని అడిగిండ్రు. వాళ్లకు వాళ్లకు ఎట్లుంటదని ఎవలడిగిండ్రు?"

నర్సమ్మ నవ్వలేదు, సిగ్గుపడనూ లేదు. "నిజమే పెద్దమ్మా. ఆ ప్రశ్న నేను వదిలేశాను" అని, మళ్లీ గీతల మీదకు వంగింది. "అవ్వా, మీరు చల్లకు ఎవరింటికి వెళ్తారు?"

అవ్వకు కోపం వచ్చింది. "నాకు బర్రె లేదు. అందరిండ్లకు పోత. ఒకనాడు వీళ్లింటికి, ఒకనాడు వాళ్లింటికి. అడుక్కునేదాని లెక్క అడుగుతవేంది?"

"పక్కింటికి?"

"పోత."

"ఎదురింటికి?"

"పోనా మరి? నాకు ఎవలతోని గెట్టు లేదు. నాకు భూమే లేదు."

నేను అవ్వకు ఒక సున్న పెట్టి గీయడం మొదలుపెట్టాను. గీస్తూనే ఉన్నాను. ప్రతి ఇంటికీ గీత పోయింది. కుమ్మరి వాడకు పోయింది, తండాకు పోయింది. చక్రం చుట్టూ పట్టా బిగిసినట్టు అయింది.

నర్సమ్మ తమ్ముడి దిక్కు తిరిగింది. "సోమవారం మధ్యాహ్నం ఆవిడ పడిపోయారు. మీకు ఎప్పుడు తెలిసిందండీ?"

"మంగళారం పొద్దుగాల."

"ఎవరు చెప్పారు?"

"లారీ ఆయన. ఆయనకు బండాయన. బండాయనకు..." అని ఆగి, అవ్వ దిక్కు చూశాడు.

డ్రైవరు ముందు నవ్వాడు. తర్వాత వదిన. తర్వాత మంచం మీద అక్క.

"నా నోరు మంచిది గాదంటిరి" అన్నది అవ్వ, నా దిక్కు చూసి.

"మంచిది గాదు" అన్నాను. "ఇప్పుడు గదే గావాలె. పొద్దుటి మనిషి పోయేముందు నీకు చెప్తది. నువ్వు ఈడనే కూసుంటవు. మధ్యాహ్నం మనిషి వచ్చినంక ఆమెకు చెప్తవు. ఏం తిన్నది, గోలీ ఏసిండ్రా లేదా, ఒంటికి పోయిందా, అన్నీ. నడుమ అక్కను ఇడిసి అడుగు బయట పెట్టొద్దు."

"ఇంకేం చెప్పాలె?"

"ఇంకేం చెప్పొద్దు."

"గదైతే కష్టం" అన్నది అవ్వ. కాని ఆమె అప్పటికే పీట లాక్కొని మంచం పక్కన కూర్చున్నది.

తమ్ముడు జీపును పంపలేదు. "పొద్దుగూకేదాక చూస్త. సరిగ్గ లేకపోతే తీస్కపోత. మళ్ల నా చేయి పట్టొద్దు" అన్నాడు. అది నాకు న్యాయంగానే తోచింది. అక్కకు తోచలేదు గాని, ఆమె నులక వదిలి చేతులు కడుపు మీద పెట్టుకున్నది.

ఆ పూట వదిన పుండు కడిగింది. నర్సమ్మ పక్కన కూర్చొని, ఉప్పు నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలో, పక్క ఎన్నిసార్లు మార్చాలో, పెదాలు ఎండితే తడిగుడ్డ ఎట్లా అద్దాలో మళ్లీ చూపించింది. పని అయ్యాక వదిన చేతులు కడుక్కొని అవ్వకు చెప్పింది. "గోలి ఇప్పుడే మింగింది. గంజి సగమే తాగింది. ఎడమ పక్కకు పండబెట్టిన, మళ్ల కుడికి తిప్పాలె." చెప్పి ముందు వాకిలి నుంచి పోయింది. ఆమె వీధిలోకి పోయిందో లేదో, చిన్నమ్మ పెరటి దిక్కు నుంచి వచ్చింది. అవ్వ ఒక్క మాట పోకుండా అప్పజెప్పింది. పోకుండా అంటే, పోలేదు గాని కొన్ని చేరాయి. సగం గంజి ఎందుకు తాగిందో, ఉప్పు ఎక్కువైందని ఆమె మొహం ఎట్లా పెట్టిందో, అదంతా కూడా చెప్పింది.

"ఉప్పు ఆ మనిషి ఎప్పుడూ ఎక్కువనే ఏస్తది" అన్నది చిన్నమ్మ. అని, మిగిలిన గంజిలో వేడినీళ్లు కలిపి తాగించింది. గిన్నె ఖాళీ అయింది.

తమ్ముడు అదంతా అరుగు మీద నుంచి చూశాడు. వాడు మొండివాడు గాని, కళ్లు లేనివాడు కాడు. పొద్దు వాలింది. తండా అక్క వచ్చింది. అవ్వ మళ్లీ అప్పజెప్పింది. వాడు లేచి లోపలికి వచ్చి, నేల మీద గీతల చుట్టూ ఒకసారి తిరిగాడు. కొమ్ములు, రోకలి, మోపు, కత్తెర, అన్నీ చూశాడు.

"గిందుల నేనేడున్న?" అన్నాడు.

వాడికి సున్న పెట్టాలని మాకు తట్టనే లేదు. వాడు దూరాన ఉంటాడు, వస్తాడు పోతాడు. అంత దూరం నుంచి జీపు తెచ్చినవాడికి ఆ నేల మీద చోటే లేదు. వాడి గొంతు మామూలుగానే ఉంది గాని, వాడు నా దిక్కు చూడకుండా గోడ దిక్కు చూస్తున్నాడు. వాడు జీపు ఎందుకు తెచ్చాడో నాకు అప్పుడు అర్థమైంది. అక్కకు వాడు చేయగలిగిన పని అదొక్కటే మిగిలిందని అనుకున్నాడు.

అక్క అన్నది, "ఐతారం మిల్లు బందే గదా తమ్మీ. పాసింజర్ ఎక్కి రా. చెల్లె కేసముద్రం నడవలేకపోతున్నది. నువ్వు మందు, దూది జనగామల్నే కొనుక్కొని తే. ఐతారం పగలంత నువ్వే ఉండు. వీళ్లకు ఇండ్లు వాకిండ్లు లేవా? పుండు మటుకు నువ్వు కడగొద్దు, అది చెల్లె జూస్తది."

"గంజి తాపుత" అన్నాడు.

నర్సమ్మ సుద్దముక్క వాడికే ఇచ్చింది. ఆమె మధ్యాహ్నం బస్సుకు పోలేదు, ఆ రోజు మాత్రం ఆగింది. వాడు వంగి అన్నిటికంటే దూరంగా ఒక సున్న గీసుకొని, అందులో కాంటా బొమ్మ వేసి, నడిమి సున్న దాకా ఒక పొడుగు గీత లాగాడు. ఇంకో గీత అవ్వ సున్నకు కూడా లాగాడు. "నీ మాట నా దాక ఎట్ల ఒస్తదో తెలిసింది గదా, ఇగ చిన్నక్కతోని కార్డు రాయించి నేరుగనే పంపు. బండోనికి చెప్పకు" అన్నాడు అవ్వతో. పొద్దుగూకినంక జీపు, అక్క మంచం ఎక్కించాలనుకున్న చోటు ఖాళీగానే, పోయింది. నర్సమ్మను కేసముద్రం దాకా అందులోనే ఎక్కించుకుపోయాడు. దారంతా ఏం మాట్లాడుకున్నారని తర్వాత అడిగితే, "ఆమె మాట మంచిగనే ఉంటది" అన్నాడు, అంతే.

అక్క శివరాత్రి దాటేదాకా ఉన్నది. నొప్పి లేకుండా ఉన్నదని రాయను, అప్పటి గోలీలు అంతంత మాత్రమే. కాని తడి బట్టలో పండలేదు, ఎండిన నోటితో పండలేదు, ఒక్కతే పండలేదు. కోతలప్పుడు వంతులు అటూ ఇటూ అయ్యాయి, అవ్వ సర్దింది. ఎవరింట్లో చుట్టాలొచ్చారో, ఎవరికి జ్వరమొచ్చిందో ఆమెకే ముందు తెలిసేది. మేము సున్నలు చెరిపి మళ్లీ గీసేవాళ్లం. వదిన, చిన్నమ్మ మాట్లాడుకోలేదు. చివరి రోజుల్లో అక్క ఒళ్లు బరువైతే ఒక్కరితో పక్క తిరిగేది కాదు. అప్పుడు వదిన వెళ్లకుండా నిలబడేది, చిన్నమ్మ వచ్చేది, చెరో పక్క దుప్పటి పట్టుకొని ఒక్కసారే తిప్పేవాళ్లు. ఎప్పుడు లేపాలో అవ్వ చెప్పేది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు, చేతులు మాత్రం ఒక్కటిగా లేచేవి. ఒక మధ్యాహ్నం తన ఇంట్లో, తన మంచం మీద, చిన్నమ్మ చెంచా పట్టుకొని ఉండగా అక్క పోయింది. నేను పెరట్లో గుడ్డలు ఆరేస్తున్నాను. నాకు దుఃఖం వచ్చింది గాని, చెయ్యవలసింది మిగిలిందన్న బాధ మాత్రం లేదు.

తర్వాత నేను భూపాలపల్లి దిక్కు నా ఇంటికి పోయాను. అక్కడ మా వాడలో ఒక ముసలాయన కాలు చేయి పడిపోయి మంచాన పడితే, వాళ్ల కోడలికి నేల మీద సున్నలు గీసి చూపించాను. అక్కడ పాడి తక్కువ, చల్ల మాట పనికిరాలేదు. తునికాకుకు అడవికి పోయేటప్పుడు ఎవరి వెంట ఎవరు పోతారని అడిగాను. ఆ గీతలు పనికొచ్చాయి. ఏ ఊళ్లో ఏ మాట అడగాలో ఆ ఊరి మంచం మీదివాళ్లే చెప్పాలి.

ఆ బుధవారం అక్కడ ఉన్నవాళ్లను రాసి ముగిస్తాను. పేర్లు రాయను, వరస చెబితే మా ఊళ్లో తెలుస్తుంది. మంచం మీద మా పెద్దక్క. మంచం పక్కన పీట మీద అవ్వ. వాకిట్లో పక్కింటి వదిన, పెరటి గోడ అవతల ఎదురింటి చిన్నమ్మ. కట్టెల మోపు దించిన తండా అక్క. చల్ల తాగి ఇంకో ముంత అడిగిన జీపు డ్రైవరు. కృష్ణా జిల్లా నర్సమ్మ. అరుగు మీద మా తమ్ముడు. నేల మీద, సుద్దముక్క పట్టుకొని, నేను.